నిందించే గొంతుకూ ఒక చరిత్ర ఉంది: బాల్య గాయాల తరువాత స్వీయ కరుణ

సభకు నమస్కారం.

బాల్యంలో మనసుకు తగిలిన గాయాలతో పెరిగి పెద్దయినవారు తమ పట్ల తాము కరుణతో మెలగడం ఎలా నేర్చుకుంటారన్నది ఈ రోజు నేను మాట్లాడవలసిన విషయం. దీని మీద బయట వినిపించే మాటలు చాలావరకు ఒకే సలహా దగ్గర ఆగిపోతాయి: "ముందు నిన్ను నువ్వు ప్రేమించుకో." చెప్పేవారి మంచి ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. కానీ దెబ్బల మధ్య, తిట్ల మధ్య, పట్టించుకునే దిక్కులేని ఇంట్లో, లేదా లైంగిక హింసకు గురై పెరిగిన మనిషికి ఆ సలహా పనిచేయకపోగా, "నలుగురికీ సాధ్యమయ్యే ఈ చిన్న పని కూడా నాకు చేతకాలేదు" అని తిట్టుకోవడానికి ఇంకొక కారణం దొరుకుతుంది. అలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికే నా సమయంలో ఎక్కువ భాగం వాడుకుంటాను. తనను తాను నిందించుకోవడం ఒకప్పుడు ఆ బిడ్డను బతికించిన ఏర్పాటు అని గ్రహించకుండా మొదలుపెట్టే కరుణాభ్యాసం ఎక్కువ కాలం నిలవదని నా అభిప్రాయం.

ఇది ఎవరో కొద్దిమందికి సంబంధించిన విషయం అనుకోవడానికి లేదు. అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు తమ సహచరులతో కలిసి 1998లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో అందరికీ తెలిసినదే. శాన్ డియాగోలో ఒక పెద్ద ఆరోగ్య సంస్థకు మామూలు వైద్య పరీక్షల కోసం వచ్చిన పెద్దవారిని, వారి మొదటి 18 ఏళ్లలో ఇంట్లో ఏం జరిగిందని అడిగారు. రెండు విడతల్లో 17,000 మందికి పైగా సమాధానమిచ్చారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది కనీసం ఒక రకమైన ప్రతికూల అనుభవాన్ని చెప్పారు. సుమారు ఎనిమిది మందిలో ఒకరు నాలుగు లేదా అంతకు మించిన రకాలను చెప్పారు. ఆ సంఖ్య పెరిగినకొద్దీ కుంగుబాటు, మద్యపాన సమస్యలు, ఆత్మహత్యాయత్నాలు, చివరికి గుండె జబ్బులు కూడా ఎక్కువగా కనబడ్డాయి. అయితే అది జనసమూహాల గురించి చెప్పే లెక్కే గానీ ఒక వ్యక్తి భవిష్యత్తును చెప్పే జాతకం కాదని ఆండా స్వయంగా తన సహరచయితలతో కలిసి 2020లో హెచ్చరించారు. ఆ ప్రశ్నావళికి మరొక పరిమితి కూడా ఉంది. ఏం జరిగిందో అది అడిగింది. జరిగినదానికి ఆ బిడ్డ తన మనసులో ఏ అర్థం చెప్పుకుందో అడగలేదు. నేను మాట్లాడబోయేది ఆ అర్థం గురించి.

ఒక స్త్రీని ఊహించుకోండి. ఈమె ఏ ఒక్కరూ కాదు. ఎందరిలోనో కనబడే తీరును ఒకచోట చేర్చి చెబుతున్నాను. వయసు నలభై దాటింది, ఉద్యోగంలో మంచి పేరుంది. ఒక మధ్యాహ్నం ఆమె పంపిన ఈమెయిల్‌కు ఒక ఫైలుకు బదులు మరొకటి జతపడింది. పై అధికారి "ఇది కాదు, పాతది వచ్చింది, ఇంకోసారి పంపండి" అన్నారు. ఆమె పంపింది. అందరి దృష్టిలో ఆ విషయం అక్కడితో ముగిసింది. రాత్రి రెండు గంటలకు ఆమె ఇంకా మేలుకునే ఉంది. లోపల ఒక గొంతు వదలకుండా మాట్లాడుతోంది: "నీకెప్పుడు బుద్ధొస్తుంది? ఒక్క పనైనా తిన్నగా చేశావా? నీ అసలు రంగు ఏదో ఒక రోజు అందరికీ తెలిసిపోతుంది." ఆ గొంతు ఆమెను "నువ్వు" అంటోంది. ఆ మాటల ఎత్తిపొడుపు, ఆ విసురు, చాలాకాలం క్రితం ఆ ఇంట్లో ఉన్న ఒక పెద్దమనిషివి. మరునాడు ఇదే పొరపాటు ఆమె కింద పనిచేసే అమ్మాయి చేస్తే, "ఫర్వాలేదులే, మళ్లీ పంపేద్దాం" అని ఈమే అంటుంది, మనస్ఫూర్తిగా అంటుంది. అంటే ఆమె దగ్గర కరుణ లేకపోలేదు. ఎదుటివారిని చూసి "అయ్యో పాపం" అనగలిగిన ఆ మనసు తన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూసుకుపోతుంది?

ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే లోతైన జవాబు ఇచ్చినవారు స్కాట్లండ్‌కు చెందిన మానసిక విశ్లేషకులు రొనాల్డ్ ఫెయిర్‌బెర్న్. ఎడింబరోలో ఆయన క్రూరమైన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలను చూశారు. ఆ పిల్లలు తల్లిదండ్రులు చెడ్డవారని చెప్పడానికి ఎంతకీ ఇష్టపడేవారు కాదు. తామే చెడ్డవాళ్లమని మాత్రం చప్పున ఒప్పుకునేవారు. 1943లో రాసిన వ్యాసంలో ఆయన దీనికి చెప్పిన కారణం సారాంశంలో ఇది: దెయ్యం ఏలే లోకంలో బతకడం కంటే దేవుడు ఏలే లోకంలో పాపిగా బతకడం మేలని బిడ్డ మనసు తేల్చుకుంటుంది. దేవుడు మంచివాడై ఉండి నేను పాపినైతే, నేను మారితే రక్షణ దొరుకుతుంది. ఏలేవాడే దెయ్యమైతే నేను ఎంత మంచిగా ఉన్నా ప్రయోజనం లేదు.

దీన్ని బిడ్డ వైపు నుంచి కొంచెం నింపాదిగా చూద్దాం. ఐదేళ్ల బిడ్డకు ఇల్లు మార్చుకునే వీలు లేదు, పెంచేవారిని మార్చుకునే వీలు అసలే లేదు. అన్నం, నీడ, స్పర్శ అన్నీ ఆ మనుషుల నుంచే రావాలి. అలాంటప్పుడు "వీళ్ల దగ్గర నాకు రక్షణ లేదు" అన్న నిజాన్ని పూర్తిగా తెలుసుకుంటే ఆ బిడ్డ ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. "నేను అల్లరి చేశాను కాబట్టి కొట్టారు" అనుకుంటే మాత్రం చేయడానికి ఒక పని దొరుకుతుంది: రేపటి నుంచి అల్లరి చేయకపోవడం, ఇంకా బాగా చదవడం, అడుగుల చప్పుడు కాకుండా నడవడం, ఆకలేసినా అడగకపోవడం. నింద తన మీద వేసుకోవడంలో బాధ ఉంది, కానీ ఆశ కూడా ఉంది. పరిస్థితి కొంతైనా తన చేతిలో ఉందన్న భ్రమ ఉంది. ఆ భ్రమే ఆ బిడ్డను మరునాడు ఉదయం లేపి బడికి పంపింది. దీనికి తోడు, ఆ వయసులో ఆలోచన తీరు కూడా అటే లాగుతుంది. తన చుట్టూ జరిగే ప్రతిదానికీ తానే కారణమనుకోవడం చిన్నపిల్లలకు సహజం. ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టకపోయినా, తల్లి దీర్ఘకాలం జబ్బుపడితే, తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోతే, అందుకు తానే కారణమని బిడ్డ అనుకోవడం ఇందువల్లనే.

ఇతరులు కూడా వేర్వేరు దారుల్లో ఇదే చోటికి చేరుకున్నారు. హంగరీకి చెందిన శాండర్ ఫెరెంజీ 1932లో జర్మనీలోని వీస్‌బాడెన్‌లో జరిగిన మానసిక విశ్లేషకుల మహాసభలో, హింసకు గురైన బిడ్డ ఆ పెద్దమనిషి పడవలసిన అపరాధ భావాన్ని తన లోపలికి తీసుకుంటుందని చెప్పారు. తోటివారికి అది రుచించలేదు. తరువాతి కాలంలో మేరీ మెయిన్, ఎరిక్ హెస్సే అనే పరిశోధకులు 1990లో దీన్నే అనుబంధాల వైపు నుంచి వివరించారు: భయం వేసినప్పుడు బిడ్డ పెంచేవారి దగ్గరకు పరుగెత్తాలన్నది ప్రకృతి పెట్టిన ఏర్పాటు, ఆ పెంచే మనిషే భయానికి మూలమైతే బిడ్డకు అటూ పోలేని, ఇటూ పోలేని స్థితి వస్తుంది, ఆ భయానికి పరిష్కారమే ఉండదు.

ఇప్పుడు ఆ గొంతు దగ్గరికి మళ్లీ వద్దాం. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలు తలుపు గొళ్లెం తీసిన చప్పుడును బట్టి ఆ సాయంత్రం ఎలా గడవబోతుందో చెప్పగలరు. బూట్లు విడిచిన తీరు, సంచి బల్ల మీద పెట్టిన బరువు, మొదటి మాటకు ముందు వచ్చే నిశ్శబ్దం, అన్నీ వాళ్లకు సూచనలే. బయటి నుంచి తిట్టు పడకముందే లోపల తనను తాను తిట్టుకుని సరిచేసుకోగలిగితే ఒక దెబ్బ తప్పుతుంది. అలా ఆ పెద్దమనిషి గొంతు కాపలాకని లోపలికి వస్తుంది. దాని పని శిక్షించడం కంటే ఎక్కువగా ముందే హెచ్చరించడం. ప్రమాదం తొలగిపోయిన ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత కూడా ఆ హెచ్చరిక ఆగదు, ఎందుకంటే ప్రమాదం తొలగిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. అందుకే దాన్ని "నెగటివ్ ఆలోచన" అని కొట్టిపారేసి, దాని చోట ఒక మంచి వాక్యం పెట్టుకోమనడం సరిపోదు. కరుణ కేంద్రంగా సాగే చికిత్సకు రూపమిచ్చిన బ్రిటిష్ క్లినికల్ సైకాలజిస్టు పాల్ గిల్బర్ట్ గమనించినది కూడా ఇదే. ఆయన దగ్గరికి వచ్చినవారు తమ ఆలోచనలను తర్కంతో సరిదిద్దుకోవడం బాగానే నేర్చుకునేవారు. "అది నా తప్పు కాదు, ఎవరికైనా అలా జరగవచ్చు" అని కాగితం మీద రాసేవారు. కానీ ఆ వాక్యాన్ని లోపల ఏ స్వరంతో వింటున్నారో చెప్పమంటే, అది కరకుగా, విసుగ్గా, దాదాపు తిట్టినట్టుగా ఉండేది. మాట మారింది గానీ స్వరం మారలేదు. మనలో బెదురుకు ఒక వ్యవస్థ, కావలసినదాని వెంట పరుగెత్తడానికి ఒక వ్యవస్థ, ఊరట పొందడానికి ఒక వ్యవస్థ ఉంటాయని ఆయన అంటారు. ఏడ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎత్తుకుని సముదాయించిన బిడ్డకు ఆ మూడో వ్యవస్థ సాధనతో బలపడుతుంది. సముదాయింపు అందని బిడ్డకు అది ఉంటుంది గానీ, వాడుక తెలియదు.

ఇక్కడ సిగ్గు గురించి ఒక మాట. చేసిన పనిని తప్పుపట్టుకోవడం అపరాధ భావం. చేసిన మనిషినే, అంటే తననే, మొత్తంగా తప్పుపట్టుకోవడం సిగ్గు. బాల్య గాయాల తరువాత ఎక్కువగా మిగిలేది రెండోదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగ వర్గీకరణ పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దీర్ఘకాలం సాగిన, తప్పించుకోలేని హింస తరువాత రాగల సంక్లిష్ట ట్రామా (మనసుకు తగిలిన తీవ్ర గాయం) రుగ్మతకు అందులో విడిగా చోటిచ్చారు. అటువంటి నిర్ధారణ అవసరమని అమెరికన్ మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లోనే ప్రతిపాదించి ఉన్నారు. ఆ రుగ్మత లక్షణాలలో తాను ఓడిపోయినవాడినని, దేనికీ పనికిరానివాడినని పాతుకుపోయిన నమ్మకం, దాంతోపాటు వచ్చే సిగ్గు కూడా ఉన్నాయి. "నా స్వభావమే ఇంత" అనుకుని ఏళ్ల తరబడి బతికినవారికి, ఆ స్వభావం అనుకున్నది లక్షణాల జాబితాలో ఉందని తెలియడం ఎంత ఉపశమనమో మాటల్లో చెప్పడం కష్టం.

స్వీయ కరుణను కొలవదగిన భావనగా పరిశోధనలోకి తెచ్చినవారు టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్. 2003లో ఆమె దీన్ని మూడు అంశాలుగా విడమరిచారు: తన పట్ల దయ, బాధ అందరికీ ఉమ్మడి అన్న ఎరుక, బాధను అణచకుండా, అందులో మునిగిపోకుండా ఉన్నదున్నట్టు చూడగలగడం. వీటిలో రెండోదానితో ట్రామా విషయంలో జాగ్రత్త అవసరం. "కష్టాలు ఎవరికి లేవు?" అన్న మాటతోనే చాలామంది పిల్లల నోళ్లు మూయించారు. నోరు మూయించడానికి వాడిన ఆ మాట వేరు, "ఇలాంటిది జరిగితే ఏ బిడ్డ అయినా ఇలాగే కుంచించుకుపోతుంది" అన్న ఎరుక వేరు. మొదటిది బాధను చిన్నది చేస్తుంది, రెండోది మనిషి ఒంటరితనాన్ని తగ్గిస్తుంది. ఇక ఆధారాల సంగతికొస్తే, మాక్‌బెత్, గమ్లీ అనే పరిశోధకులు 2012లో 14 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, స్వీయ కరుణ ఎక్కువ ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన, ఒత్తిడి గణనీయంగా తక్కువగా కనిపించాయి. అయితే నెఫ్ కొలమానంలోని 26 వాక్యాలలో సగం ఆత్మనిందనూ ఒంటరితనాన్నీ బాధలో మునిగిపోవడాన్నీ కొలిచేవే కాబట్టి ఈ సంబంధం కొంత పెద్దదిగా కనబడుతుందన్న విమర్శ ఉంది. ఆ విమర్శలో బలముందనే నేను భావిస్తాను. పైగా రెండు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. కానీ చికిత్స గదిలో కనబడేది ఆ సంఖ్యలకు ఎదురు నిలవడం లేదు.

స్వీయ కరుణ అనగానే వచ్చే అభ్యంతరాలలో ఒకదాన్ని త్వరగా దాటేస్తాను: తిట్టుకోకపోతే బద్ధకం వస్తుందన్న భయం. జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాలలో ఒకటి దీని మీదే. కష్టమైన పరీక్ష ఒకటి రాసి వెనకబడిన విద్యార్థులలో, తమ పట్ల కరుణతో ఉండమన్న మాట అందుకున్నవారు తరువాతి పరీక్షకు ఎక్కువ సేపు చదివారు. తప్పు చూసుకోవడానికి భయం లేనప్పుడే మనిషి దాన్ని తిన్నగా చూడగలడు.

రెండో అభ్యంతరం ఇంత తేలికైనది కాదు. కరుణ అంటే హింసించినవారిని క్షమించడమేనా? కాదు. ఇది నేను గట్టిగానే చెప్పదలిచాను. క్షమ అనేది ఎవరికి వారు తమ కాలంలో తేల్చుకోవలసిన వేరే విషయం; కొందరు ఆ చోటికి చేరుకుంటారు, కొందరు చేరుకోరు, చేరుకోకపోయినా కోలుకుంటారు. తొందరపడి క్షమించడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఫెయిర్‌బెర్న్ చెప్పిన పాత ఒప్పందాన్ని గుర్తు చేసుకోండి: పెద్దవారి మంచితనాన్ని కాపాడటానికి బిడ్డ తనను బలిపెట్టుకుంది. "పాపం, వాళ్ల పరిస్థితులు అలాంటివి, వాళ్లనీ ఎవరో అలాగే పెంచారు" అన్న మాట నిజమే కావచ్చు. కానీ తన బాధకు ఒక్క నిమిషం కూడా ఇవ్వకుండా నేరుగా ఆ మాటకు వెళ్లిన మనిషి, కరుణ పేరుతో ఆ ఒప్పందాన్నే పొడిగిస్తున్నట్టు. తన పక్షాన కోపం రావడం చాలామందికి కరుణ తొలి రూపం. దాన్ని మధ్యలో ఆపేయమని చెప్పకూడదు.

ఇక అసలు చిక్కు. ఇన్ని తెలిసిన తరువాత, నమ్మదగిన మనిషి ఎదుట కూర్చుని, "అది నీ తప్పు కాదు" అన్న మాట విన్నప్పుడు, చాలామందికి ఊరట బదులు గుండె దడ, ఏడుపు, కోపం, లేదా ఒక్కసారిగా ఒళ్లంతా మొద్దుబారినట్టు అవడం వస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త క్రిస్టఫర్ గెర్మర్, నెఫ్ దీనికి అగ్నిమాపక సిబ్బంది పరిభాష నుంచి 'బ్యాక్‌డ్రాఫ్ట్' అన్న పేరు తీసుకున్నారు: మూసి ఉన్న గదిలో ప్రాణవాయువు అయిపోయి మంట కనబడకుండా అణిగి ఉంటుంది, ఎవరైనా తలుపు తెరిస్తే గాలి లోపలికి దూసుకుపోయి మంట భగ్గున ఎగసిపడుతుంది. దయ అందగానే, దయ అందని రోజులన్నీ గుర్తుకు వస్తాయి. నా దృష్టిలో దీని వెనుక ఇంకా లోతైన కారణం ఒకటి ఉంది. "నా తప్పే" అన్న నమ్మకంలో ఆశ దాగి ఉందని చెప్పుకున్నాం కదా. "నా తప్పు కాదు" అని ఒప్పుకుంటే ఆ ఆశ కూడా పోతుంది. అంటే, నేను ఎంత మంచిగా ఉన్నా అది ఆగేది కాదు, నేను చేయగలిగింది ఏమీ లేదు, ఎవరూ రాలేదు. ఆ నిస్సహాయతను తప్పించుకోవడానికే ఆ బిడ్డ ఇంత పెద్ద నిందను మోసింది. నింద దించేటప్పుడు దాని కింద ఇన్నాళ్లూ ఉన్న దుఃఖం బయటపడక మానదు. ఆ దుఃఖం చూసి, "నాకు ఈ పద్ధతి పడలేదు" అని చాలామంది వెనక్కి తిరుగుతారు. అది వస్తుందని ముందే తెలిస్తే, వచ్చినప్పుడు దాన్ని వైఫల్యం అనుకోరు.

అందువల్ల అభ్యాసం చిన్న మోతాదులో మొదలు కావాలి. హెర్మన్ కోలుకునే క్రమాన్ని మూడు దశలుగా చెప్పారు: ముందు భద్రత, తరువాత జ్ఞాపకం, శోకం, ఆ తరువాత నలుగురితో తిరిగి కలవడం. ఇంకా హింస జరుగుతున్న ఇంట్లోనే ఉన్న మనిషికి, తనను తాను ఓదార్చుకోవడానికి గుండె మీద చెయ్యి వేసుకోమని చెప్పడం తగదు. అక్కడి నుంచి బయటపడే దారి వెతకడమే ఆ మనిషి తన పట్ల చూపవలసిన మొదటి కరుణ.

భద్రత ఉన్నవారు కూడా మాటలతో కాక శరీరంతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే బెదురు మాటల కంటే ముందుది. పాదాలు నేలకు ఆనుతున్నాయని గమనించడం, కళ్లు తెరిచే ఉంచి గదిలోని వస్తువులను ఒక్కొక్కటిగా చూడటం, ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలడం వంటివి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా కొంత తగ్గుతుంది కాబట్టి ఈ చివరిదానికి శరీరశాస్త్ర ఆధారం ఉంది. కానీ ఊపిరి మీద ధ్యాస పెట్టగానే భయం పెరిగేవారున్నారు. వారికి అది సరిపడదు, దాన్ని వదిలేయాలి. స్పర్శ కూడా అంతే. శరీరం మీదే దాడి జరిగినవారికి తన చెయ్యి తన ఛాతీ మీద వేసుకోవడం కూడా కంపరం పుట్టించవచ్చు. ఒక చేతిలో మరో చెయ్యి ఉంచుకోవడమో, గోరువెచ్చని నీళ్ల గ్లాసు పట్టుకోవడమో చాలు. దయగా అనిపించనక్కరలేదు, దయగా చేస్తే చాలన్నది నేను తరచుగా చెప్పే మాట: వేళకు తినడం, పంటి నొప్పిని నెలల తరబడి ఓర్చుకోకుండా డాక్టరుకు చూపించుకోవడం, నిద్ర వచ్చినప్పుడు పడుకోవడం. "నాకు అర్హత ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆగకుండా ఈ పనులు చేయవచ్చు.

మాటల దగ్గరికి వచ్చినప్పుడు, నమ్మలేని మాటలు వద్దు. "నన్ను నేను ఎంతో ప్రేమిస్తున్నాను" అని అద్దం ముందు అన్నప్పుడు లోపలి గొంతు నవ్వితే ఆ వాక్యం మేలు చేయదు. "ఇప్పుడు నాకు కష్టంగా ఉంది" అన్నది అబద్ధం కాదు, దాన్ని ఆ గొంతు కూడా కాదనలేదు. అలాగే ఆ గొంతుతో యుద్ధానికి దిగకూడదు. "మళ్లీ తిట్టుకున్నాను, ఛీ" అనుకోవడం కూడా తిట్టుకోవడమే. "పాత హెచ్చరిక మళ్లీ మోగుతోంది, ఇప్పుడు ఇది దేనికి భయపడుతోంది?" అని అడగడం ఎక్కువ ఉపయోగం. ఈమెయిల్ పంపిన ఆ స్త్రీ ఈ ప్రశ్న వేసుకుంటే వచ్చే జవాబు ఉద్యోగం గురించి కాకపోవచ్చు. "ఇంట్లోకి రానివ్వరేమో" అన్నంత పాతది కావచ్చు.

మరొక పద్ధతి చెబుతాను, నాకు ఇది చాలా విలువైనదిగా తోస్తుంది. గాయపడినవారు తమ ఆరేళ్ల వయసును తలుచుకునేటప్పుడు, తెలియకుండానే ఇప్పటి తెలివిని, ఇప్పటి బలాన్ని ఆ బిడ్డకు అంటగడతారు. "నేను ఎదురు తిరగవలసింది, ఎవరికైనా చెప్పవలసింది, పారిపోవలసింది" అంటారు. అప్పుడు నేను వారిని నిజంగా ఆరేళ్లున్న ఒక బిడ్డను కాసేపు గమనించి రమ్మంటాను. ఆ బిడ్డ చెయ్యి తలుపు గొళ్లెం దాకా అందుతుందా? బూటు లేసు తనంతట తాను కట్టుకోగలదా? భయం వేస్తే ఎటు పరుగెత్తుతుంది? ఒక వాక్యం చెప్పబోయి మధ్యలో ఎన్నిసార్లు మరిచిపోతుంది? చూసి వచ్చినవారిలో చాలామంది కాసేపు ఏమీ మాట్లాడరు. తరువాత "అంత చిన్నగా ఉంటారా?" అంటారు. తన పాత ఫోటో చూస్తే జాలికి బదులు అసహ్యం కలిగేవారు కూడా ఉన్నారు. వారు తమ బాల్యం జోలికి ఇప్పుడే పోనక్కరలేదు, బయటి బిడ్డను చూడటం దగ్గరే ఎంతకాలమైనా ఉండవచ్చు.

రాయడం గురించి కూడా అడుగుతుంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో సాండ్రా బీల్‌తో కలిసి చేసిన ప్రయోగంలో, విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు రోజుకు 15 నిమిషాల చొప్పున తమ బాధాకర అనుభవాల గురించి రాశారు. రాసిన వెంటనే వారి మనసు ఇంకా బరువెక్కింది. కానీ తరువాతి నెలల్లో వారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఆ వెంటనే వచ్చే బరువే మనం గమనించవలసింది. తీవ్రమైన బాల్య హింస గురించి ఒంటరిగా, రాత్రిపూట, ఎవరికీ చెప్పకుండా రాయడం నేను ప్రోత్సహించను. గెర్మర్, నెఫ్ రూపొందించిన ఎనిమిది వారాల స్వీయ కరుణ శిక్షణ విషయమూ ఇంతే. 2013లో వారు ప్రచురించిన పరీక్షలో దాని ఫలితాలు ఏడాది తరువాత కూడా నిలిచాయి, కానీ అది శిక్షణ మాత్రమే, ట్రామాకు చికిత్స కాదు.

ఇక్కడ కూర్చున్నవారిలో గాయపడినవారితో కలిసి బతుకుతున్నవారూ ఉంటారు. మీ భార్య గానీ, భర్త గానీ, స్నేహితులు గానీ "నేను దేనికీ పనికిరాను" అన్నప్పుడు "అలా అనకు, నువ్వెంత మంచిదానివో" అని వెంటనే ఖండించాలనిపిస్తుంది. ఆ ఖండన వారికి ఇంకొక దిద్దుబాటులాగే వినిపించవచ్చు. "ఈ రోజు ఆ గొంతు గట్టిగా ఉన్నట్టుంది, నేనిక్కడే ఉన్నాను" అని పక్కన కూర్చోవడం మేలు. గాయం మనుషుల మధ్య తగిలింది. సముదాయింపు పొందడం కూడా చాలామంది ఒంటరిగా నేర్చుకోలేరు, మరొక మనిషి స్వరంలో ఎన్నోసార్లు విన్న తరువాతే తమ లోపల దాన్ని వినగలుగుతారు. థెరపిస్టుతో గడిపే గంటలో జరిగేది చాలావరకు ఇదే.

తనకు హాని చేసుకోవాలన్న ఆలోచన, చచ్చిపోవాలన్న ఆలోచన, పాత ఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ల ముందు కదలడం, కొన్ని గంటలు ఎలా గడిచాయో గుర్తు లేకపోవడం వంటివి ఉన్నవారు నేను చెప్పిన అభ్యాసాలను ఒంటరిగా మొదలుపెట్టవద్దు. ముందు మానసిక వైద్యులను గానీ, ట్రామా చికిత్సలో శిక్షణ పొందిన థెరపిస్టును గానీ కలవండి. ప్రమాదం ఆ క్షణానిదైతే అత్యవసర సేవలకు వెంటనే ఫోన్ చేయండి. చికిత్స ఇచ్చేవారిని ఎంచుకునేటప్పుడు, మొదటి సమావేశంలోనే జరిగినదంతా వివరంగా చెప్పమని ఒత్తిడి చేస్తున్నారా, లేక మీ వేగాన్ని మీరు నిర్ణయించుకోనిస్తున్నారా అన్నది గమనించండి. "ఈ రోజుకు ఇక్కడ ఆపుదాం" అని మీరు అన్నప్పుడు వారు నిజంగా ఆపాలి. ఆ మాట అనగలగడం, అన్న తరువాత తిట్టుకోకుండా ఇంటికి వెళ్లగలగడం కూడా ఈ సాధనలో భాగమే. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు. మీ సొంత అనుభవం గురించిన ప్రశ్నలైతే ఇక్కడ మైకులో అడగనక్కరలేదు, సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను.